ఆరోగ్యశ్రీ ఉండగా మెడిక్లెయిం ఎందుకు, మెడిక్లెయిం ఉండగా ఆరోగ్యశ్రీ ఎందుకు?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో అది 25 లక్షల దాకా ఉంది. దానికి తోడు కొడుకు ఆఫీసువాళ్లు ఇచ్చిన 5 లక్షల పాలసీ ఒకటి. ఇంకేం, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మా ఇంటికి 15 లక్షల రక్షణ ఉందనుకుంటారు, విజయవాడలో ఉన్నవాళ్లు 30 లక్షలనుకుంటారు. ఈ కూడిక కాగితం మీద బాగానే ఉంటుంది. ఆస్పత్రిలో మాత్రం చెల్లదు.

ఎందుకంటే ప్రభుత్వ పథకమూ ప్రైవేటు పాలసీ ఒకే బిల్లును పంచుకోవు. ఒక అడ్మిషన్‌కి ఒకటే దారి. పేషెంటును ఆరోగ్యశ్రీ కింద చేర్చారంటే డిశ్చార్జి దాకా ఆరోగ్యశ్రీయే. ఇన్సూరెన్స్ కింద చేర్చారంటే ఇన్సూరెన్సే. రెండూ ఉన్న ఇంటికి లాభం లేదని కాదు, చాలా ఉంది. ఏ జబ్బుకి ఏ దారిలో వెళ్లాలో ముందే తెలిసినప్పుడే ఆ లాభం చేతికి వస్తుంది. ఆ తేడా అర్థం కావాలంటే రెండింటిలో డబ్బు ఎలా నడుస్తుందో చూడాలి.

ఒకటి ప్యాకేజీ, ఇంకోటి బిల్లు

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఏడాదిన్నర తిరక్కుండానే ఉమ్మడి రాష్ట్రమంతా వచ్చింది. మొదట్లో అది కూడా బీమా పథకమే. ప్రభుత్వం స్టార్ హెల్త్ కంపెనీకి ప్రీమియం కట్టేది, కంపెనీ ఆస్పత్రులకు చెల్లించేది. తర్వాత మధ్యలో కంపెనీ ఎందుకని ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది.

ట్రస్టు దగ్గర చికిత్సల జాబితా ఉంటుంది. ఒక్కో చికిత్సకు ఒక ప్యాకేజీ ధర. పరీక్షలు, ఆపరేషన్, స్టెంటు లాంటి పరికరాలు, మందులు, ఆస్పత్రిలో భోజనం, ఇంటికి వెళ్లేందుకు బస్సు ఖర్చు, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు అన్నీ ఆ ధరలోనే. ఆ పైన పేషెంటు దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. ఆస్పత్రికి మిగిలేదేదో ఆ ప్యాకేజీలోంచే మిగలాలి.

ప్రైవేటు పాలసీలో మామూలుగా అలా ముందే ఖరారు చేసిన ధర ఉండదు. ఆస్పత్రి బిల్లు వేస్తుంది, కంపెనీ గానీ దాని తరఫున క్లెయింలు చూసే ఏజెన్సీ, అంటే టీపీఏ గానీ ఆ బిల్లును గీతలు పెట్టుకుంటూ చదువుతుంది. పాలసీ ఒప్పుకునేంత కంపెనీ ఇస్తుంది, మిగతాది మనం కట్టుకోవాలి.

ఈ ఒక్క తేడా నుంచే మిగతా తేడాలన్నీ పుడతాయి. ప్యాకేజీలో ఆస్పత్రికి తక్కువ ఖర్చు పెట్టి త్వరగా పంపించేయాలని ఉంటుంది. బిల్లులో ఇంకో రెండు రోజులు ఉంచాలని, ఇంకో స్కాన్ చేయించాలని ఉంటుంది. ఆరోగ్యశ్రీలో చేరినవాళ్ల ఇంట్లో ‘సరిగ్గా చూస్తున్నారా’ అన్న అనుమానం, ఇన్సూరెన్సులో చేరినవాళ్ల ఇంట్లో ‘ఇదంతా అవసరమా’ అన్న అనుమానం ఊరికే రావు. డాక్టరు ఒక్కరే, ఆపరేషన్ థియేటరు ఒక్కటే. డబ్బు వచ్చే తీరు వేరు.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఆరోగ్యశ్రీలో పరిమితి కంటే జాబితా ముఖ్యం. జబ్బు జాబితాలో లేకపోతే 25 లక్షల పరిమితి ఉన్నా పనికిరాదు. జబ్బు జాబితాలోనే ఉన్నా మనం వెళ్లిన ఆస్పత్రి ఆ విభాగానికి నమోదు కాకపోయి ఉండొచ్చు. గుండె జబ్బులకు ఆరోగ్యశ్రీ ఉన్న ఆస్పత్రిలో ఎముకల విభాగానికి లేకపోవడం మామూలే. గర్భసంచి తొలగింపు లాంటి కొన్ని ఆపరేషన్లను అక్రమాల భయంతో ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ‘ఇక్కడ ఆరోగ్యశ్రీ ఉందా’ అని అడిగితే సరిపోదు. ‘ఈ జబ్బుకి, ఈ విభాగంలో ఉందా’ అని అడగాలి. 104కి ఫోన్ చేసినా చెబుతారు.

ప్రైవేటు పాలసీ దీనికి తలకిందులు. అక్కడ ఏవి వర్తించవో రాసి ఉంటుంది, మిగతావన్నీ వర్తిస్తాయి. వర్తించనివాటి జాబితా చిన్నదే గానీ పరిమితి కచ్చితంగా తగులుతుంది, ఎందుకంటే బిల్లు పెరుగుతుంది. ప్యాకేజీ ధరలు తక్కువ కాబట్టి ఆరోగ్యశ్రీలో 10 లక్షలు అయిపోయిన కుటుంబాలు అరుదు. కార్పొరేట్ ఆస్పత్రి ఐసీయూలో 5 లక్షల పాలసీ అయిపోవడానికి పెద్దగా రోజులు పట్టదు. పరిమితుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం ఇందుకే అర్థం లేని పని. అటువైపు పది లక్షలు, ఇటువైపు పది లక్షలు ఒకటి కావు.

అడ్మిషన్ దగ్గరే తేలిపోతుంది

పెద్ద ఆస్పత్రి గ్రౌండ్ ఫ్లోర్‌లో నిలబడి చూస్తే రెండు కౌంటర్లు కనిపిస్తాయి. ఒకదాని దగ్గర ఆరోగ్యశ్రీ పేషెంట్ల పనులు చూసే ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. రేషన్ కార్డో ఆరోగ్యశ్రీ కార్డో, ఆధార్, డాక్టరు రాసిన కాగితం, రిపోర్టులు చూసి వివరాలు ఆన్‌లైన్లో ఎక్కిస్తారు. ట్రస్టు నుంచి అనుమతి వస్తే ఆపరేషన్. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీద అనుమతి తీసుకుని ముందు వైద్యం మొదలుపెట్టే వీలుంది. ఇంకో కౌంటర్ మీద ‘ఇన్సూరెన్స్ డెస్క్’ అని ఉంటుంది. అక్కడ పాలసీ కార్డు, ఆధార్ ఇస్తే కంపెనీకి ప్రీ-ఆథ్ ఫారం, అంటే ముందస్తు అనుమతి కోరే ఫారం పంపిస్తారు. దాంట్లో ఒక గడి చాలా కీలకం: జబ్బు ఎప్పటి నుంచి ఉంది? హడావుడిలో మనవాళ్లు ‘పదేళ్లుగా షుగర్ ఉందండీ’ అని నోటికొచ్చిన అంకె చెబుతారు, డ్యూటీ డాక్టరు అదే రాస్తారు. పాలసీ తీసుకుని మూడేళ్లయి, ఆ రోజు షుగర్ సంగతి రాయకపోయి ఉంటే ఆ ఒక్క వాక్యం చాలు క్లెయిం ఆగిపోవడానికి.

ఈ రెండు కౌంటర్లలో ఏదో ఒకటి ఎంచుకున్నాక మధ్యలో మారడం కష్టం. ముఖ్యంగా ‘ముందు క్యాష్ మీద చేరండి, తర్వాత ఆరోగ్యశ్రీలోకి మారుస్తాం’ అన్న మాట నమ్మకూడదు. అనుమతి రాకముందు కట్టిన డబ్బు వెనక్కి రావడం గగనం. ‘ఆరోగ్యశ్రీలో స్టెంటు వేస్తాం గానీ మంచి స్టెంటు కావాలంటే పైన 40 వేలు కట్టండి’ అనడం కూడా నిబంధనలకు విరుద్ధం. ఆరోగ్యశ్రీలో ‘పైన’ అనేదే లేదు. సింగిల్ రూము కావాలంటే ఆ పథకం వదులుకుని రావాల్సిందే.

ప్రైవేటు పాలసీలు అన్నీ ఒకే రకం కావని కూడా ఇక్కడ చెప్పాలి. మామూలు మెడిక్లెయిం నష్టపరిహారం లాంటిది. మన జేబులోంచి పోయినంత వరకే ఇస్తుంది. ఆరోగ్యశ్రీలో ఉచితంగా ఆపరేషన్ అయిపోతే బిల్లే లేదు కాబట్టి మెడిక్లెయింలో అడగడానికీ ఏమీ లేదు. కానీ ఫలానా పెద్ద జబ్బు వస్తే డబ్బిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ, రోజుకి ఇంత అని ఇచ్చే హాస్పిటల్ క్యాష్ పాలసీ అలా కాదు. వాటిలో ముందే అనుకున్న మొత్తం ఇస్తారు, బిల్లు ఎవరు కట్టారన్నది లెక్కలోకి రాదు. ఆరోగ్యశ్రీలో బైపాస్ చేయించుకున్న మనిషి కూడా, పాలసీ షరతులు కుదిరితే, క్రిటికల్ ఇల్‌నెస్ డబ్బు తీసుకోవచ్చు. లోన్‌తో పాటు బ్యాంకువాళ్లు అంటగట్టిన ఇలాంటి పాలసీ ఇంట్లో ఉండి, అడగాలని తెలియక వదిలేసిన కుటుంబాలను నేను చూశాను. బీరువాలో ఉన్న కాగితాలు ఒకసారి తీసి చూడండి.

ముఖ్యమంత్రి సహాయ నిధి సంగతి కూడా ఇలాంటిదే. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలి. ముందు మనం కట్టి తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకునే మెడిక్లెయిం రీయింబర్స్‌మెంటుకీ ఒరిజినల్సే కావాలి. ఒకే బిల్లు రెండు చోట్లా పెట్టలేం కాబట్టి దేనికి పెట్టాలో ముందే తేల్చుకోవాలి.

72 వేల రూపాయల రూము

ఇన్సూరెన్స్ ఉంది కదా అని మంచి రూము తీసుకుని దెబ్బతిన్నవాళ్లు అందరి బంధువుల్లోనూ ఉంటారు. ఇదెలా జరుగుతుందో ఒక్కసారి లెక్క వేసి చూద్దాం.

5 లక్షల పాలసీ. రూము అద్దె పరిమితి అందులో 1 శాతం, అంటే రోజుకి 5,000. ఖాళీ లేదనో, కాస్త సౌకర్యంగా ఉంటుందనో రోజుకి 8,000 రూము తీసుకున్నారు. నాలుగు రోజులు ఉన్నారు. బిల్లు ఇలా వచ్చిందనుకుందాం: రూముకి 32,000. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగ్, డాక్టరు విజిట్లు కలిపి 1,60,000. మందులు, ఇంప్లాంటు, పరీక్షలు 90,000. మొత్తం 2,82,000.

మనం అనుకునేది ఏమిటంటే, రోజుకి 3,000 ఎక్కువైంది కాబట్టి నాలుగు రోజులకి 12,000 మనం కట్టుకుంటాం, మిగతాది కంపెనీ ఇస్తుంది. కంపెనీ అలా చూడదు. నీకు అర్హత ఉన్నది 5,000 రూముకి, నువ్వు తీసుకున్నది 8,000 రూము, కాబట్టి ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తానంటుంది. రూముకి 20,000 ఇస్తుంది. సర్జన్, థియేటరు వగైరా 1,60,000లో కూడా లక్షే ఇస్తుంది. మందులు, ఇంప్లాంటు, పరీక్షలకు ఈ కోత వేయకూడదని 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ స్పష్టం చేసింది కాబట్టి ఆ 90,000 పూర్తిగా వస్తుంది. మొత్తం 2,10,000. మన చేతి నుంచి 72,000.

పన్నెండు వేలు అనుకున్నది 72 వేలయింది. ఇది మోసం కాదు, పాలసీలో రాసే ఉంటుంది. రూము గ్రేడు పెరిగితే సర్జన్ ఫీజు దగ్గర్నుంచి అన్నీ పెంచి వేయడం ఆస్పత్రుల అలవాటు, దానికి విరుగుడుగా కంపెనీలు ఈ కోత పెట్టాయి. రూమును బట్టి ఛార్జీలు మార్చని ఆస్పత్రిలో ఈ కోత వేయడానికి వీల్లేదు. ఐసీయూ ఛార్జీల మీద కూడా వేయకూడదు. డిశ్చార్జి రోజు ఈ రెండు సంగతులు తెలిసి అడిగితే కొంత డబ్బు మిగులుతుంది. అన్నిటికంటే మేలు, కొనేటప్పుడే రూము అద్దె పరిమితి లేని పాలసీ తీసుకోవడం. ప్రీమియం కాస్త ఎక్కువవుతుంది, పరవాలేదు. నో క్లెయిం బోనస్, జిమ్ డిస్కౌంట్, ఉచిత హెల్త్ చెకప్ అంటూ ఏజెంట్లు చెప్పే పది ఆకర్షణల కంటే నాకు ఈ ఒక్కటే ముఖ్యం.

గ్లవ్స్, మాస్కులు లాంటి కన్స్యూమబుల్స్ కూడా చాలా పాలసీల్లో రావు. కో-పే అని ఉంటే ప్రతి బిల్లులో అంత శాతం మనదే. ఐఆర్‌డీఏఐ చెప్పిన రూపంలో 2020 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలో 5 శాతం కో-పే ఉంది, రూము పరిమితి కూడా ఉంది. చౌక కాబట్టి తీసుకోవచ్చు గానీ తెలిసి తీసుకోవాలి.

ఒకదాని లోటు ఇంకొకటి తీర్చే చోటు

కొత్తగా ప్రైవేటు పాలసీ తీసుకున్నవాళ్లకి మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటి కొన్నిటికి విడిగా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ముందు నుంచే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. 2024 ఏప్రిల్‌కి ముందు ఇది నాలుగేళ్లు. ఆరోగ్యశ్రీలో ఇవేవీ లేవు. నిన్న కార్డు వచ్చినా, ఇరవై ఏళ్ల నాటి గుండె జబ్బుకైనా, ఈ రోజు ఆపరేషన్ చేస్తారు. రెండింటికీ అర్హత ఉన్న కుటుంబం పాలసీ తీసుకున్న మొదటి మూడేళ్లు ఆరోగ్యశ్రీ మీద ఆధారపడి, ఆ తర్వాత ఎంచుకునే స్వేచ్ఛ తెచ్చుకోవచ్చు.

ఆ మూడేళ్లు తప్పించుకోవడానికి బీపీ, షుగర్ దాచిపెట్టడం మాత్రం పెద్ద పొరపాటు. ‘అవన్నీ రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది’ అని చెప్పే ఏజెంటు క్లెయిం రోజున ఫోన్ ఎత్తడు. వరుసగా 60 నెలలు ప్రీమియం కట్టాక, దాచిపెట్టారన్న కారణంతో క్లెయిం తిరస్కరించకూడదని ఇప్పుడు నిబంధన ఉంది. కానీ మోసం చేశారని కంపెనీ నిరూపిస్తే ఆ రక్షణ కూడా ఉండదు.

అటువైపు, ఆరోగ్యశ్రీ తీర్చలేని లోటుని పాలసీ తీర్చే సందర్భాలూ తక్కువేం కాదు. జాబితాలో లేని జబ్బు, నమోదు కాని ఆస్పత్రి, ఫలానా డాక్టరే కావాలన్న పట్టుదల, పుణేలో ఉద్యోగం చేస్తూ అక్కడే పడిపోవడం. అన్నిటికంటే, సేవలు ఆగిపోయిన రోజు. బకాయిలు చెల్లించలేదని 2025లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపేశాయి. కార్డులో మార్పేమీ ఉండదు, పరిమితి అంతే ఉంటుంది, కౌంటర్లో మాత్రం ‘ప్రస్తుతానికి తీసుకోవట్లేదండీ’ అంటారు. గాంధీ, ఉస్మానియా, కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆస్పత్రులు అప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. ఎముక విరిగినవాడికి అవి దిక్కే. కీమో మధ్యలో ఉన్న మనిషికి ఆస్పత్రి మారడం అంత తేలిక కాదు.

ప్రభుత్వ ఆస్పత్రిలో చేరితే మెడిక్లెయిం పనిచేయదని చాలామంది అనుకుంటారు. తప్పు. నిమ్స్‌లో, స్విమ్స్‌లో డబ్బు కట్టి వైద్యం చేయించుకుంటే ఆ బిల్లులు రీయింబర్స్‌మెంటుకి పెట్టుకోవచ్చు. ఖర్చు ఎలాగూ తక్కువే. ప్రభుత్వ ఆస్పత్రిలో చేరితే రోజుకి కొంత డబ్బు ఇచ్చే పాలసీలు కూడా ఉన్నాయి.

మధ్యలో పడిపోయేవాళ్లు

నెలకి 21 వేల లోపు జీతం ఉన్న ప్రైవేటు ఉద్యోగులకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా ఉంటుంది. ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. ఓపీ మందులు కూడా ఇస్తుంది, జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తుంది. ఈ రెండోది ఆరోగ్యశ్రీ చేయదు, మెడిక్లెయిమూ చేయదు. డిస్పెన్సరీ చుట్టూ తిరగాలని విసుక్కుంటాం గానీ కాగితం మీద చూస్తే ఈఎస్ఐ అంత విస్తారమైన రక్షణ ఇంకోటి లేదు. జీతం 21 వేలు దాటినా ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అనే చందా కాలం ముగిసేదాకా అది కొనసాగుతుంది. ఇంక్రిమెంటు వచ్చిన నెలే పోదు.

ఆ తర్వాతే ఇబ్బంది. జీతం 30 వేలయితే ఈఎస్ఐ పోతుంది. అర్హత పరిమితి దాటితే ఆరోగ్యశ్రీ కూడా పోతుంది. సొంతంగా పాలసీ తీసుకోవాలంటే చేతిలో మిగలదు. దేశ జనాభాలో కనీసం 30 శాతం, దాదాపు 40 కోట్ల మంది ఇలా ఏ రక్షణా లేకుండా ఉన్నారని నీతి ఆయోగ్ 2021లో లెక్క చెప్పింది. చిన్న షాపు యజమాని, ఆటో ఫైనాన్స్‌లో కలెక్షన్ ఏజెంటు, ప్రైవేటు స్కూలు టీచరు, వీళ్లంతా అక్కడే ఉన్నారు.

ఆఫీసు ఇచ్చే గ్రూప్ పాలసీ మీద ఒక మాట. అది ఉద్యోగం ఉన్నన్నాళ్లే. తల్లిదండ్రులను ఒక ఏడాది చేర్చి మరుసటి ఏడాది తీసేసే హక్కు కంపెనీకి ఉంది. 58 ఏళ్లకి రిటైరై అప్పుడు సొంత పాలసీకి వెళితే ప్రీమియం చూసి గుండె ఆగినంత పని అవుతుంది, పైగా కొత్త పాలసీగా తీసుకుంటే వెయిటింగ్ మళ్లీ మొదటి నుంచి. గ్రూప్ పాలసీ ఉన్నా నలభైల్లోనే చిన్నదైనా సొంత పాలసీ ఒకటి మొదలుపెట్టాలనేది ఇందుకే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి భారం కాస్త తగ్గింది.

ఎంత పాలసీ తీసుకోవాలి? పెద్ద పాలసీ కంటే 5 లక్షల పాలసీ, దాని మీద 5 లక్షల డిడక్టిబుల్‌తో, అంటే మొదటి 5 లక్షలు దాటాకే ఇచ్చే షరతుతో, సూపర్ టాప్-అప్ తీసుకోవడం చవక. టాప్-అప్ వేరు, సూపర్ టాప్-అప్ వేరు. ఏడాదిలో రెండుసార్లు చేరి ఒక్కోసారి 4 లక్షలు అయ్యాయనుకోండి. మూల పాలసీ 5 లక్షలు ఇచ్చేస్తుంది, 3 లక్షలు మిగిలాయి. ఏ ఒక్క బిల్లూ 5 లక్షలు దాటలేదు కాబట్టి మామూలు టాప్-అప్ ఏమీ ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం కలిపి చూస్తుంది, ఆ 3 లక్షలు ఇస్తుంది.

ఇక పెద్దవాళ్లు. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, కేంద్ర ప్రభుత్వ పథకం ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రక్షణ వచ్చింది. ఆయుష్మాన్ వయ వందన కార్డు అంటారు. ప్రైవేటు మెడిక్లెయిం ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా ఇది తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు మాత్రం రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ నాన్నకి షుగర్, అమ్మకి మోకాళ్లు అని ఏటా పెద్ద ప్రీమియం కట్టే పిల్లలు ముందు ఈ కార్డు తీయించాలి. పాలసీ మానేయమని కాదు. వాళ్ల ఊరి దగ్గర ఏ ఆస్పత్రి, ఏ జబ్బుకి ఈ కార్డు తీసుకుంటుందో ఓసారి కనుక్కుని ఫోన్లో రాసిపెట్టుకోవాలి.

రోడ్డు ప్రమాదాలకు ఇంకో దారి ఉంది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం బాధితులకు గుర్తించిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి. ఎవరి బండి, ఎవరి తప్పు అన్న ప్రశ్న దీనికి అడ్డు రాదు.

మళ్లీ బీమా కంపెనీ

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. 2.5 లక్షల దాకా అయ్యే వైద్యం ఖర్చు బీమా కంపెనీ భరించాలి, పేద కుటుంబాలకు ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు భరించాలి. పేదలు కానివాళ్లకూ 2.5 లక్షల రక్షణ ఇందులో ఉంది. 2007లో బీమా కంపెనీతో మొదలై, ట్రస్టు చేతికి వచ్చిన పథకం సగం దారి వెనక్కి వెళుతోందన్నమాట. ట్రస్టు బకాయిలు పెడుతుంది గానీ లాభం చూసుకోదు. కంపెనీ వేళకు చెల్లిస్తుంది గానీ ప్రతి క్లెయింనూ తవ్వి చూస్తుంది. చిన్న క్లెయింలే ఎక్కువ కాబట్టి ఆస్పత్రులు రోజూ ఎదుర్కొనేది కంపెనీనే. టెండరు షరతుల్లో తిరస్కరణల మీద ఏం రాస్తారన్నది 2.5 లక్షల అంకె కంటే ముఖ్యం.

తిరస్కరణ మాట వచ్చింది కాబట్టి, రెండు దారుల మధ్య అన్నిటికంటే పెద్ద తేడా అక్కడే ఉంది. మెడిక్లెయిం పాలసీ ఒక ఒప్పందం. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్, అంటే మనం కట్టకుండా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి చెల్లించాలన్న అభ్యర్థన మీద గంటలో తేల్చాలి, డిశ్చార్జికి ఆస్పత్రి బిల్లు పంపాక మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలి. ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. కంపెనీలోని క్లెయిం సమీక్ష కమిటీ చూడకుండా క్లెయిం తిరస్కరించకూడదు, కారణం పాలసీలోని ఏ షరతో చూపించి రాతపూర్వకంగా ఇవ్వాలి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు, ఆ తీర్పుకి కంపెనీ కట్టుబడాలి.

ట్రస్టు నేరుగా నడిపే ఆరోగ్యశ్రీకి ఇలాంటి అంబుడ్స్‌మన్ లేడు. అది ప్రభుత్వం జీవో ద్వారా ఇచ్చిన మాట. అనుమతి నిరాకరించినా, ఆస్పత్రి పైన డబ్బు అడిగినా ముందు ఆరోగ్యమిత్ర, తర్వాత 104, జిల్లా కోఆర్డినేటర్, ట్రస్టు, చివరికి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమం. ఆస్పత్రి డబ్బు అడిగితే రసీదు తీసుకోవాలి. రసీదు ఇవ్వనంటే ఎవరు, ఎప్పుడు, ఎంత అడిగారో ఆ రోజే రాసిపెట్టుకుని, పేషెంటు డిశ్చార్జి కాకముందే 104కి ఫిర్యాదు చేయాలి. డిశ్చార్జి కాగితం మీద ‘ఉచితంగా వైద్యం అందింది’ అని సంతకం పెట్టాక చేసే ఫిర్యాదుకి బలం తక్కువ.